పాత సర్వర్ కొలతతో క్లౌడ్‌లోకి వెళ్తే

జంషెడ్‌పూర్‌లో పెద్ద యంత్రాలను తరాల లెక్కన కొంటారు. 1912లో అక్కడ తొలి ఉక్కు దిమ్మె తయారైన నాటి నుంచీ ఆ ఊరి అలవాటు అది. బ్లాస్ట్ ఫర్నేస్ ఎంత పెద్దది కావాలో ఒక్కసారే తేల్చుకోవాలి. వెలిగించాక ఏళ్ల తరబడి ఆర్పరు. గిరాకీ పెరిగిందని మధ్యలో దాన్ని పెద్దది చేయడం, తగ్గిందని చిన్నది చేయడం కుదరదు. కాబట్టి కాస్త పెద్దదే కట్టుకోవడం తెలివైన పని.

ఇబ్బందేమిటంటే, అదే అలవాటు కంప్యూటర్ గదిలోకి కూడా వచ్చింది. సొంత సర్వర్ కొనే రోజుల్లో అది తప్పు కాదు కూడా. ఇప్పుడు ఆ సర్వర్లలోని అప్లికేషన్లు క్లౌడ్‌కు మారుతున్నాయి. అక్కడ యంత్రాన్ని కొనరు, గంటల లెక్కన అద్దెకు తీసుకుంటారు. అయినా సైజు ఎంచుకునే చేతులకు మాత్రం ఫర్నేస్ కట్టించిన అలవాటే ఉంది.

ఈ ఊరిలోని బారిడీహ్ పేటనే చూడవచ్చు. సిద్‌గోడా పొరుగున ఉన్న ఈ పేటలో మెర్సీ ఆసుపత్రి ఉంది, 2020లో మొదలైన మణిపాల్ టాటా వైద్య కళాశాల ఉంది. బడులు, దుకాణాలు, ఉద్యోగుల ఇళ్లు సరేసరి. ఉక్కు పని కోసం, రైల్వే పని కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడ్డాయి. ఆ ఇళ్ల పిల్లల్లో ఈ క్లౌడ్ పనులే వృత్తిగా చేసుకున్నవారికీ కొదవ లేదు. ఇలాంటి పేటలో ఉండే మధ్యస్థాయి సంస్థలకే ఈ ప్రశ్న గట్టిగా తగులుతుంది. పెద్ద కర్మాగారానికి ఖర్చులు లెక్కచూసే ప్రత్యేక బృందం ఉంటుంది. నూరు పడకల ఆసుపత్రికో, రెండు వేల మంది పిల్లలున్న బడికో ఒకే ఒక్క కంప్యూటర్ ఉద్యోగి ఉంటారు. ప్రింటర్ పనిచేయకపోయినా ఆయన్నే పిలుస్తారు.

పేరున్న ఏ సంస్థనూ ఉద్దేశించకుండా, ఉదాహరణ కోసం అలాంటి ఆసుపత్రి ఒకటి ఉందనుకోవాలి. 2018లో కొన్న సర్వర్‌లో 16 ప్రాసెసర్ కోర్లు, 64 జీబీ మెమరీ ఉన్నాయి. రోగుల నమోదు, బిల్లులు, ల్యాబ్ ఫలితాలు అన్నీ అందులోనే. వారంటీ ముగిసింది, క్లౌడ్‌కు మారాలని యాజమాన్యం నిర్ణయించింది. ఎంత సర్వర్ కావాలని క్లౌడ్ సంస్థ ప్రతినిధి అడిగితే, 'ఇప్పుడున్నంత' అన్న జవాబు వస్తుంది. ఖర్చు విషయంలో ఇంతకన్నా చెడ్డ జవాబు దొరకడం కష్టం.

2018లో ఆ యంత్రం ఆ సైజులో ఎందుకు కొన్నారు? అయిదేళ్లలో రోగులు రెట్టింపు అవుతారేమో అన్న అంచనా, మళ్లీ కొనాలంటే అనుమతి దొరుకుతుందో లేదో అన్న భయం, ఒక మెట్టు పైది తక్కువ తేడాకే ఇస్తామన్న డీలర్ మాట. వీటిలో ఒక్కటి కూడా అప్లికేషన్ నిజంగా ఎంత పని చేస్తోందో చెప్పదు. అంటే ఆ కొలత ఒక కొనుగోలు నిర్ణయానికి గుర్తు మాత్రమే. పెళ్లికి కుట్టించిన సూటు కొలతలతో రోజూ వేసుకునే చొక్కా కుట్టించినట్టు, దాన్నే క్లౌడ్‌కు మోసుకుపోతున్నారు.

క్లౌడ్‌లో ఆ మోత ఖరీదు ఎంతో చూడాలంటే ధరల తీరు తెలియాలి. 2006 ఆగస్టులో అమెజాన్ తన అద్దె సర్వర్ సేవను మొదలుపెట్టినప్పుడు ఒకే సైజు ఉండేది, గంటకు 10 సెంట్లు. ఇప్పుడు వందల రకాలున్నాయి. అయినా లోపలి అమరిక సులువుగానే పట్టుబడుతుంది. ప్రాసెసర్ బలాన్ని వీసీపీయూల్లో లెక్కిస్తారు. సాధారణ రకంలో ఒక్కో వీసీపీయూకు 4 జీబీ మెమరీ వస్తుంది. లెక్కల పని ఎక్కువగా ఉండే వాటి కోసం 2 జీబీ రకం, డేటాబేస్‌ల వంటి వాటి కోసం 8 జీబీ రకం ఉంటాయి. ఒక మెట్టు ఎక్కితే వీసీపీయూలు, మెమరీ, ధర మూడూ రెట్టింపవుతాయి. రెండు మెట్లు పొరపాటున ఎక్కితే బిల్లు నాలుగింతలు. ఆ నాలుగింతలు ఒక్కసారి కట్టి వదిలేసేది కాదు, నెలనెలా వస్తుంది.

ఇందులోనే ఒక మెలిక ఉంది. ఇంటెల్ ప్రాసెసర్లున్న క్లౌడ్ సర్వర్లలో ఒక వీసీపీయూ అంటే సాధారణంగా పూర్తి కోర్ కాదు, ఒక థ్రెడ్. ఒక్కో కోర్ రెండు థ్రెడ్లుగా కనిపిస్తుంది. అమెజాన్ సొంతంగా తయారుచేసిన గ్రావిటాన్ ప్రాసెసర్లలో ఒక వీసీపీయూ అంటే ఒక కోరే. పై ఆసుపత్రి సర్వర్‌లో 16 కోర్లున్నా తెర మీద 32 అని కనిపిస్తుంది. అది చూసి 32 వీసీపీయూల సర్వర్ తీసుకునేవారున్నారు. కాగితం మీద 16 చూసి 16 తీసుకునేవారున్నారు. ఇద్దరూ అసలు చూడాల్సిన అంకెను చూడలేదు.

ఆ అంకె వినియోగం. ఈ ఆసుపత్రిలో నెల మొత్తం సగటు ప్రాసెసర్ వినియోగం 6 శాతమే అనుకోవాలి. పగలు పది నుంచి పన్నెండు దాకా ఓపీ రద్దీలో అది 22 శాతానికి చేరుతుంది. 16 కోర్లలో 22 శాతం అంటే మూడున్నర కోర్లు, స్థూలంగా ఏడు థ్రెడ్లు. 2018 నాటి కోర్ కన్నా ఇప్పటి కోర్ వేగం ఎక్కువ కాబట్టి అయిదు వీసీపీయూల పని అనుకున్నా తప్పులేదు. ఎనిమిది వీసీపీయూల సర్వర్ తీసుకుంటే రద్దీ వేళ అది అరవై శాతం దగ్గర పనిచేస్తుంది. తెర మీది 32ను నమ్మినవారు కట్టేది దీనికి నాలుగు రెట్లు. మూడేళ్లు అలా కడితే పన్నెండేళ్ల అద్దె కట్టినట్టే.

సగటు 6 శాతమే కదా, రెండు వీసీపీయూలతో సరిపెట్టవచ్చు కదా అని మరొకరు అనవచ్చు. ఖర్చు తగ్గించాలన్న ఉత్సాహం ఎక్కువైతే జరిగే పొరపాటు ఇది, దీని దెబ్బ రోగుల మీద పడుతుంది. ఎందుకో చెప్పే గణితానికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఆగ్నర్ క్రారప్ ఎర్లాంగ్ 1909లో టెలిఫోన్ కాల్స్ రాక మీద రాసిన పత్రం క్యూల సిద్ధాంతానికి పునాది వేసింది. దాని సారం ఓపీ చీటీల కిటికీ దగ్గర కూడా కనిపిస్తుంది. కిటికీ ఒక్కటే, ఒక్కొక్కరికి సగటున ఒక నిమిషం పడుతుంది, జనం ఎప్పుడు పడితే అప్పుడు వస్తున్నారు. కిటికీలోని మనిషికి సగం సమయం మాత్రమే పని ఉంటే, వచ్చినవారు చీటీతో బయటపడడానికి సగటున రెండు నిమిషాలు. 80 శాతం సమయం పని ఉంటే అయిదు నిమిషాలు. 90 శాతమైతే పది, 95 శాతమైతే ఇరవై. పని పెరిగింది కొంచెమే, నిరీక్షణ మాత్రం ఒక్కసారిగా లేచింది. కిటికీలు ఎక్కువ పెట్టి క్యూ ఒకటే ఉంచితే ఈ ఎగబాకడం కాస్త ఆలస్యంగా మొదలవుతుంది తప్ప తప్పిపోదు. అందుకే రద్దీ వేళ అరవై, డెబ్బై శాతం దగ్గర ఆగేలా సైజు ఎంచుకోవడం మేలు. సర్వర్ నూరు శాతం పనిచేస్తోందని సంతోషించే యజమాని, బయట క్యూలో నిలబడినవారిని లెక్కలో వేసుకోలేదన్నమాట.

మెమరీ సంగతి ప్రాసెసర్ కన్నా మోసకారి. 64 జీబీలో 58 వాడుకలో ఉందని తెర చూపిస్తుంది. కంగారుపడి 128 తీసుకుంటారు. కానీ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ స్వభావమే ఖాళీ మెమరీని వదలకపోవడం. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు గరిష్ఠ పరిమితి పెట్టకపోతే, దొరికినంత మెమరీని క్రమంగా తన దగ్గర పెట్టుకుంటుంది. లినక్స్ కూడా ఖాళీగా ఉన్న మెమరీని ఫైళ్ల కాపీలు దాచుకోవడానికి వాడుతుంది, అవసరమైతే వెంటనే వదిలేస్తుంది. 'వాడుకలో ఉంది' అన్నదానికి, 'లేకపోతే పని ఆగుతుంది' అన్నదానికి తేడా తెలియాలంటే పరిమితిని కొంచెం కొంచెం తగ్గించి, డిస్క్ నుంచి చదవడం ఎక్కడ పెరుగుతుందో చూడాలి. ఈ ఆసుపత్రికి 20 జీబీ దగ్గర ఆ మలుపు కనిపిస్తే, ఎనిమిది వీసీపీయూలతో వచ్చే 32 జీబీ చాలు. ఇంకో చిన్న విషయం. అమెజాన్ క్లౌడ్ తన సర్వర్ల ప్రాసెసర్ వినియోగాన్ని దానంతట అదే చూపిస్తుంది కానీ మెమరీ వినియోగాన్ని చూపించదు. అందుకు విడిగా ఒక చిన్న ప్రోగ్రామ్ వేసుకోవాలి. అది వేయకుండా సైజు తగ్గించమనే సలహాలను నమ్మడం, ఒక కన్ను మూసుకుని దూరం అంచనా వేయడం లాంటిది.

లైసెన్సుల దగ్గర లెక్క ఇంకా తిరగబడుతుంది. కొన్ని డేటాబేస్‌లకు లైసెన్సు రుసుము కోర్ల లెక్కన ఉంటుంది. అప్పుడు ఒక వీసీపీయూ తగ్గించడం వల్ల మిగిలేది సర్వర్ అద్దె కన్నా లైసెన్సులోనే ఎక్కువ కావచ్చు. వీసీపీయూలు తక్కువ, మెమరీ ఎక్కువ ఉండే రకం అక్కడ కలిసొస్తుంది. సర్వర్ ధరల పట్టిక ఒక్కటే ముందు పెట్టుకుని కూర్చున్నవారికి ఇది కనిపించదు.

ఎంత పెద్ద సర్వర్ తీసుకున్నా తీరని బాధ ఒకటుంది. దాన్ని ముందే గుర్తించకపోతే డబ్బంతా అక్కడే పోతుంది. అది దూరం. జంషెడ్‌పూర్ నుంచి ముంబయికి నేరుగా సుమారు 1,400 కిలోమీటర్లు. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. పోయి రావడానికే 14 మిల్లీసెకన్లు. తీగలు సూటిగా వెళ్లవు, మధ్యలో పరికరాలుంటాయి కాబట్టి వాస్తవంలో 30 అనుకోవచ్చు. ఒక్కసారికి ఇది లెక్కలోకే రాదు. కానీ డేటాబేస్‌ను మాత్రం ముంబయి క్లౌడ్‌కు పంపి, అప్లికేషన్‌ను బారిడీహ్‌లోనే ఉంచితే? పాత పద్ధతిలో రాసిన ఒక బిల్లు పేజీ తెరుచుకోవడానికి డేటాబేస్‌ను 200 సార్లు అడుగుతుందనుకుంటే, 200 సార్లు 30 మిల్లీసెకన్లు, మొత్తం ఆరు సెకన్లు. నిన్నటిదాకా రెప్పపాటులో వచ్చిన పేజీ ఇవాళ ఆరు సెకన్లు నానుస్తుంది. వెంటనే 'సర్వర్ చాలడం లేదు' అన్న తీర్మానం, రెట్టింపు సైజు, రెట్టింపు బిల్లు. పేజీ మాత్రం ఆరు సెకన్లకే వస్తుంది. అమెజాన్‌కు ముంబయిలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి కేంద్రాలున్నాయి; హైదరాబాద్ కొంత దగ్గరే. అయినా కాంతి వేగాన్ని ఎవరూ అద్దెకు పెంచి ఇవ్వలేరు. రెండింటినీ ఒకేచోటికి ఒకేసారి మార్చడం, లేదా ఆ 200 ప్రశ్నలను అయిదారుకు కుదించడం, ఇవే దారులు.

ఏడాదంతా పడుకుని ఒక్కరోజు లేచే అప్లికేషన్ల కథ వేరు. ఝార్ఖండ్ అకడమిక్ కౌన్సిల్ మెట్రిక్ పరీక్షను ఏటా నాలుగు లక్షల మందికి పైగా రాస్తారు. తెలుగు రాష్ట్రాల ఇంటర్, పదో తరగతి ఫలితాల రోజు ఎలా ఉంటుందో ప్రతి ఇంటికీ తెలుసు. ఆ గంటకు సరిపోయే సర్వర్‌ను ఏడాదంతా నడిపితే డబ్బు దండగ. మామూలు రోజుకు సరిపోయేదాన్ని ఆ గంటకు ఉంచితే పిల్లల ఉసురు. 2021 ఏప్రిల్ 28న 18 ఏళ్లు దాటినవారికి కోవిడ్ టీకా నమోదు తెరిచినప్పుడు కోవిన్ వ్యవస్థకు సెకనుకు 55 వేల అభ్యర్థనలు తగిలాయి. అంత పోటును ఏ స్థిరమైన సైజుతోనూ పొదుపుగా తట్టుకోలేరు. రద్దీని బట్టి సర్వర్ల సంఖ్య పెరిగి తగ్గే ఏర్పాటే దీనికి మందు. సైజు చిన్నదిగా, సంఖ్య మారేదిగా ఉండాలి. ఫలితాల వంటి వాటికైతే అది కూడా అక్కర్లేకపోవచ్చు: ఒకసారి ప్రకటించాక మారని మార్కుల పేజీలను ముందే తయారుచేసి పెడితే ప్రతి క్లిక్‌కూ డేటాబేస్‌ను లేపాల్సిన పని ఉండదు.

ఇక చిన్న బడి వెబ్‌సైట్ వంటి వాటికి 'అప్పుడప్పుడు పరుగెత్తే' చౌక రకం ఉంది. అమెజాన్‌లో టీ3 అనే వర్గం అలాంటిది. అందులోని మైక్రో సైజుకు రెండు వీసీపీయూలు, 1 జీబీ మెమరీ. గంటకు 12 క్రెడిట్లు జమవుతాయి. ఒక క్రెడిట్‌తో ఒక వీసీపీయూను నిమిషం పాటు పూర్తి వేగంతో నడపవచ్చు. పని లేనప్పుడు దాచుకుని, పని పడినప్పుడు ఖర్చుపెట్టుకునే పద్ధతి. రోజంతా నిద్రపోయే వెబ్‌సైట్‌కు ఇది సరిగ్గా సరిపోతుంది. ఆసుపత్రి డేటాబేస్‌ను చవకని ఇందులో పెడితే మాత్రం, మధ్యాహ్నానికి జమ హరించుకుపోయి, అదనపు రుసుము మీటరు తిరగడం మొదలవుతుంది. ఆ మీటరు మొదటినుంచీ తెరిచే ఉంటుందని చాలామంది గమనించరు.

ఇంత తెలిశాక కూడా సంస్థలు పెద్ద సైజే ఎందుకు ఎంచుకుంటాయి? జవాబు సాంకేతికం కాదు. సర్వర్ ఆగిపోతే అయిదు నిమిషాల్లో ఫోన్ మోగుతుంది, ఎవరి తప్పో తేలుస్తారు. బిల్లు మూడింతలు వచ్చినా ఎవరి ఫోనూ మోగదు. ఆ ఒంటరి కంప్యూటర్ ఉద్యోగి తన ఉద్యోగానికి రక్షణగా సంస్థ డబ్బుతో పెద్ద సర్వర్ కొంటాడు; అతణ్ని తప్పుపట్టడం అన్యాయం. మార్పిడి చేసిపెట్టే కంపెనీకి కూడా చిన్న సైజు సూచించి మాట పడడం కన్నా పెద్దది సూచించి నిశ్చింతగా ఉండడమే నయం.

ప్రభుత్వ సంస్థల్లో దీనికి టెండరు తోడవుతుంది. కేంద్రం 'మేఘ్‌రాజ్' పేరుతో ప్రభుత్వ క్లౌడ్ కార్యక్రమాన్ని ప్రారంభించి పదేళ్లు దాటింది. ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ ఆమోదం పొందిన క్లౌడ్ సంస్థల జాబితా ఉంది. దారి సిద్ధంగానే ఉంది. కానీ టెండరులో 'ఇన్ని వీసీపీయూలు, ఇంత మెమరీ, మూడేళ్లు' అని రాసేస్తే, క్లౌడ్ కూడా కొన్న యంత్రమే అవుతుంది. సైజు మార్చాలంటే మళ్లీ ఫైలు కదలాలి. సైజులను టెండరులో బిగించడం మానేసి, ఒక్కో రకానికి గంట ధరను మాత్రమే ఖాయం చేసుకోవాలి. మొత్తం ఖర్చుకు పై హద్దు పెట్టి, ఆ హద్దు లోపల సైజును నెలనెలా మార్చుకునే అధికారం వాడేవారికే ఇవ్వాలి. ఆడిటర్ అడగాల్సింది 'టెండరులో రాసినన్ని తీసుకున్నారా' అని కాదు, 'తీసుకున్నవాటిలో రద్దీ వేళ ఎంత శాతం వాడారు' అని.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. రోజూ ఒకే స్థాయిలో, సంవత్సరాల తరబడి నడిచే పనికి అసలు అద్దె ఎందుకు? 37సిగ్నల్స్ అనే అమెరికా సాఫ్ట్‌వేర్ సంస్థ 2022లో క్లౌడ్ మీద సుమారు 32 లక్షల డాలర్లు ఖర్చుపెట్టి, ఆ ఏడాదే క్లౌడ్ నుంచి బయటికి వస్తామని ప్రకటించింది. సొంత సర్వర్లు కొనుక్కుని చాలా ఆదా చేశామని తర్వాత చెప్పింది. నిజమే కావచ్చు. అయితే ఆ సంస్థలో సర్వర్లను నడపగల నిపుణులు ముందే ఉన్నారు. బారిడీహ్ ఆసుపత్రిలో ఉన్నది ఒక్కరు, ఆయన సెలవు పెడితే సున్నా. సొంతమా అద్దెనా అన్నది తేల్చుకోవడానికి కూడా ముందు వినియోగాన్ని కొలవాల్సిందే. కొలవకుండా వెళ్లినవారికి క్లౌడ్ ఖరీదుగా కనిపిస్తుంది. అందులో ఎంత క్లౌడ్ తప్పో, ఎంత సైజు తప్పో వారు చెప్పలేరు.

ఖాళీగా తిరిగే సర్వర్ కరెంటు తాగుతుంది కూడా. గూగుల్ ఇంజనీర్లు లూయిజ్ బరోసో, ఉర్స్ హోల్జ్లే 2007లో రాసిన వ్యాసంలో, తమ సర్వర్లు ఎక్కువ సమయం 10 నుంచి 50 శాతం వినియోగంలోనే ఉంటాయని, అప్పటి సర్వర్లు ఏ పనీ లేకపోయినా గరిష్ఠ విద్యుత్తులో దాదాపు సగం వాడుకుంటాయని చూపించారు. తర్వాతి యంత్రాలు ఈ విషయంలో మెరుగుపడ్డాయి. కానీ 2024లో ప్రపంచ డేటా సెంటర్లు 415 టెరావాట్ గంటల విద్యుత్తు వాడాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా వేసింది, అంటే ప్రపంచ వినియోగంలో ఒకటిన్నర శాతం. ఈ దేశంలో ఆ విద్యుత్తుకు ఇంకా ప్రధాన ఆధారం బొగ్గే. ఝార్ఖండ్ గనులున్న రాష్ట్రానికి ఆ లెక్క వేరే చెప్పనక్కర్లేదు.

ఆచరణలో ఇది పెద్ద చదువేమీ కాదు. మార్పిడికి ముందు కనీసం ఒక నెల, నెలాఖరు బిల్లుల రోజులు కూడా కలిసేలా, ప్రాసెసర్, మెమరీ, డిస్క్ వినియోగాన్ని అయిదు నిమిషాలకోసారి నమోదు చేయాలి. సగటును పక్కనపెట్టి, రద్దీ గంటల అంకెను తీసుకోవాలి. దానికి సరిపోయే సైజులో మొదలుపెట్టాలి. చాలకపోతే ఒక మెట్టు ఎక్కడం కొన్ని నిమిషాల పని. పరీక్షల కోసం వాడే సర్వర్‌ను ఆదివారం తప్ప రోజూ పది గంటలే నడిపితే వారానికి 168 గంటలకు బదులు 60 గంటలకే అద్దె. ఏడాదికో మూడేళ్లకో ముందుగా మాట ఇస్తే దొరికే పెద్ద తగ్గింపులను మాత్రం అన్నిటికన్నా చివర చూడాలి. సైజు కుదరకముందే ఆ ఒప్పందం మీద సంతకం పెడితే, తగ్గింపు ధరకే అయినా అక్కర్లేని సర్వర్‌కు మూడేళ్లు అద్దె కడుతూనే ఉండాలి.